తక్‌పట్టీ లాంటి బిల్డ్ సారాంశం: సీఐ ఫలితాన్ని మన అవసరానికి తగ్గట్టు తీర్చిదిద్దుకునే విధానం

ఒక సాయంత్రం మడికొండలోని ఆఫీసు నుంచి బయలుదేరి కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా కోడ్ మారిన ప్రతిసారీ దాన్ని బిల్డ్ చేసి టెస్ట్‌లు నడిపే సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) వ్యవస్థ నుంచి నా ఫోన్‌కు ఒక ఎర్ర గుర్తు వచ్చింది. దాని పక్కన, ప్రాసెస్ 1 అనే కోడ్‌తో, అంటే ఫెయిలై, ముగిసిందన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ లేదు. రైలు వదులుకుని, ఆటోలో వెనక్కు వెళ్ళి, లాగ్‌ను, అంటే నడిచిన ప్రతి పనీ వరసగా నమోదయ్యే రికార్డును, దాదాపు చివరిదాకా చదివాక తెలిసిందేమిటంటే, టెస్ట్‌లన్నీ పాసయ్యాయి. టెస్ట్‌లు కోడ్‌లో ఎంత భాగాన్ని పరీక్షించాయో చెప్పే కవరేజీ నివేదికను బయటి సర్వర్‌కు పంపే చివరి స్టెప్ మాత్రం నెట్‌వర్క్ అందక ఆగిపోయింది. మరునాడు తీరిగ్గా చూసుకున్నా సరిపోయే పని అది. ఆ సమాచారమంతా లాగ్‌లో ఉంది గాని సారాంశంలో లేదు.

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి గాని మిర్చి గాని అమ్మిన రైతు చేతికి ఒక తక్‌పట్టీ వస్తుంది. అందులో రైతు పేరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, మినహాయింపులు, చివరికి చేతికొచ్చే మొత్తం ఉంటాయి. అడ్తిదారు ఖాతా పుస్తకంలో ఇంతకు పదింతల వివరం ఉండవచ్చు గాని, ఆ పుస్తకమంతా తిరగేస్తే తప్ప తన లెక్క తెలియని పరిస్థితి రైతుకు ఉండకూడదనే ఆ చీటీ పుట్టింది. బిల్డ్ లాగ్ ఖాతా పుస్తకమైతే బిల్డ్ సారాంశం తక్‌పట్టీ. ఈ వ్యాసంలో ఆ చీటీని ఎలా రాయించాలో రెండు సీఐ సాధనాల్లో, ముందుగా గిట్‌హబ్ యాక్షన్స్‌లోనూ, తర్వాత జెంకిన్స్‌లోనూ మెట్టు మెట్టుగా చూద్దాం. ఉదాహరణల కోసం తక్‌పట్టీ లెక్కలు వేసే ఒక చిన్న అప్లికేషన్‌ను ఊహించుకుందాం. కోడ్‌లో ఆంగ్లంలో రాయవలసిన పేర్లను ఇక్కడ వాటి ఉచ్చారణతో తెలుగు లిపిలో ఇస్తున్నాను; కింది గీతతో కలిపి ఇచ్చిన పేర్లను ఫైలులోనూ అదే గీతతో కలిపి రాయాలి.

మొదటి మెట్టు: చీటీ మీద ఏముండాలో కాగితం మీద రాసుకోవడం

స్క్రిప్ట్ మొదలుపెట్టే ముందు, చేరవలసిన రూపాన్ని చేత్తో రాసి చూసుకోవడం మంచిది. మా టీమ్ అలా రాసుకున్న నమూనా ఇది:

> ఫెయిల్: మొత్తం విలువ లెక్కలో 1 టెస్ట్ (నడిచినవి 412, వదిలేసినవి 3)
> మొదట చూడవలసినది: దశాంశ తూకం టెస్ట్. రావలసింది 4,812.50, వచ్చింది 4,812.00
> ఈ బ్రాంచ్‌లో కొత్తగా ఫెయిలైంది. మెయిన్ బ్రాంచ్‌లో పాసవుతోంది
> ముగిసిన సమయం: సాయంత్రం 6.43, భారత కాలమానం

ఈ నాలుగు వరసలూ నాలుగు ప్రశ్నలకు జవాబులు. ఏమైంది, ఎక్కడ చూడాలి, ఇది నా మార్పు వల్లనేనా, ఎప్పటి సంగతి. (బ్రాంచ్ అంటే మార్పులు విడిగా చేసుకునే కోడ్ శాఖ; మెయిన్ అంటే అందరి మార్పులూ చివరికి కలిసే శాఖ.) రెండో వరసలో టెస్ట్ పేరు ఒక్కటే కాకుండా రావలసిన విలువనూ వచ్చిన విలువనూ పక్కపక్కనే చూపించడం అన్నిటికంటే ఎక్కువ సమయం మిగులుస్తుంది. క్వింటాలుకు 7,000 రూపాయల ధర, 68.75 కిలోల తూకం అయితే 4,812.50 రావాలి, 4,812.00 వచ్చిందని చూడగానే, ఎవరో దశాంశాన్ని పూర్ణాంకంగా మార్చారని లాగ్ తెరవకుండానే స్ఫురిస్తుంది. స్టేషన్‌లో నిలబడ్డ మనిషికి కావలసింది ఈ మాత్రమే.

ఎన్ని సెకన్లు పట్టింది, ఏ రన్నర్ (బిల్డ్‌ను నడిపే యంత్రం) మీద నడిచింది, ఏ లైబ్రరీలు దించుకుంది వంటివి ఈ నాలుగింటి తర్వాతే రావాలి. చాలా టీమ్‌లు వీటినే పైన పెట్టి అసలు విషయాన్ని కిందికి నెడతాయి. సులభంగా దొరికే సమాచారం ముందుకొస్తుందే తప్ప దానికి వేరే కారణం లేదు.

రెండో మెట్టు: స్థితి పదాల అర్థం తేల్చుకోవడం

గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక జాబ్ (వరసగా నడిచే స్టెప్‌ల గుంపు) ఫలితాన్ని తర్వాతి జాబ్ అడిగినప్పుడు నాలుగు మాటల్లో ఒకటి వస్తుంది: సక్సెస్, ఫెయిల్యూర్, క్యాన్సిల్డ్, స్కిప్డ్. జెంకిన్స్‌లో సక్సెస్, అన్‌స్టేబుల్, ఫెయిల్యూర్, నాట్ బిల్ట్, అబార్టెడ్ అని ఐదు ఉన్నాయి. జెంకిన్స్‌లోని అన్‌స్టేబుల్‌కు, అంటే కోడ్ కంపైలైనా టెస్ట్‌లు కొన్ని ఫెయిలైన స్థితికి, గిట్‌హబ్ యాక్షన్స్ జాబ్ ఫలితాల్లో సమానమైన మాట లేదు. అటువంటి మధ్య స్థితి కావాలనుకుంటే దాన్ని సారాంశంలో మనమే మాటల్లో చెప్పాలి.

ఒక స్టెప్ ఫెయిలైనా జాబ్ కొనసాగాలని కంటిన్యూ-ఆన్-ఎర్రర్ పెట్టినప్పుడు, ఆ స్టెప్‌కు రెండు ఫలితాలు ఉంటాయి. అవుట్‌కమ్ అనేది నిజంగా జరిగినది. కంక్లూజన్ అనేది ఆ మినహాయింపు ఇచ్చాక నమోదయ్యేది. అంటే స్టెప్ ఫెయిలైనా కంక్లూజన్ సక్సెస్ అనే చెబుతుంది. సారాంశం రాసే స్క్రిప్ట్ అవుట్‌కమ్‌ను చదవాలి. నేను మొదట రాసిన స్క్రిప్ట్ కంక్లూజన్‌ను చదివింది కాబట్టి, ఫెయిలైన లింట్ స్టెప్ (కోడ్ రాసిన తీరును తనిఖీ చేసేది) పక్కన కూడా పచ్చ గుర్తు పెడుతూ పోయింది.

మూడో మెట్టు: సారాంశం ఫైలులోకి రాయడం

2022 మే నెలలో గిట్‌హబ్ యాక్షన్స్‌లోకి జాబ్ సారాంశాల సౌకర్యం వచ్చింది. ప్రతి స్టెప్‌కు గిట్‌హబ్_స్టెప్_సమ్మరీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (నడిచే ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందే పేరు గల విలువలో) ఒక ఫైలు దారి ఉంటుంది. ఆ ఫైలులో మార్క్‌డౌన్‌లో, అంటే సాదా గుర్తులతో పాఠానికి రూపమిచ్చే పద్ధతిలో, ఏం రాస్తే అది ఆ రన్ పేజీ మీద కనిపిస్తుంది. శీర్షికలు, పట్టికలు, లింకులు, మడతపెట్టే భాగాలు అన్నీ పనిచేస్తాయి. ఎకో కమాండ్‌తో ఒక వాక్యం రాసి, >> గుర్తుతో ఆ ఫైలుకు మళ్ళిస్తే చాలు, తొలి సారాంశం తయారవుతుంది. ఒక్క > గుర్తు పెడితే మాత్రం అదే స్టెప్‌లో అంతకుముందు రాసినదంతా చెరిగిపోతుంది.

కొన్ని నియమాలు ముందే తెలిస్తే తర్వాత తికమక ఉండదు. ఈ ఫైలు ప్రతి స్టెప్‌కూ వేరు. ఒక స్టెప్ ముగిసి సారాంశం అప్‌లోడ్ అయ్యాక తర్వాతి స్టెప్ దాన్ని మార్చలేదు. కాబట్టి నాలుగు స్టెప్‌ల సమాచారాన్ని కలిపి పైన ఒకే వాక్యంగా చెప్పాలంటే, ఆ నాలుగూ తమ ఫలితాలను మామూలు ఫైళ్ళలో దాచి, చివరి స్టెప్ ఒక్కటే సారాంశం రాయాలి. ఒక స్టెప్ సారాంశం 1 మెబీబైట్ దాటకూడదు. దాటితే అప్‌లోడ్ కాదు, ఎర్రర్ నోట్ వస్తుంది, అయితే ఆ కారణంగా స్టెప్ మాత్రం ఫెయిల్ కాదు. ఒక జాబ్‌లో 20 స్టెప్‌ల సారాంశాలే తెర మీద కనిపిస్తాయి.

మన వాళ్ళకు సంబంధించిన లెక్క ఒకటి ఇక్కడ ఉంది. 1 మెబీబైట్ అంటే 10,48,576 బైట్లు. యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి 1 బైటు పడితే, తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తుకూ, అంటే హల్లుకూ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ విడివిడిగా, 3 బైట్లు పడతాయి. తెలుగులో రాసే సారాంశానికి హద్దు దాదాపు మూడున్నర లక్షల గుర్తులన్న మాట. చీటీకి అది చాలా ఎక్కువే. కాని ఫెయిలైన ప్రతి టెస్ట్ లాగ్‌నూ పూర్తిగా అందులో కుమ్మరించే అలవాటు ఉన్నచోట ఆ హద్దు త్వరగానే తగులుతుంది.

విండోస్ రన్నర్ మీద పాత పవర్‌షెల్ 5.1 వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. అందులో >> గుర్తు ఫైలును యూటీఎఫ్-8లో రాయదు. ఎన్‌కోడింగ్‌ను స్పష్టంగా యూటీఎఫ్-8 అని ఇచ్చి అవుట్-ఫైల్ కమాండ్‌తో, అపెండ్ ఎంపికతో రాయాలి.

నాలుగో మెట్టు: టెస్ట్ నివేదిక నుంచి అంకెలు తీసుకోవడం

టెస్ట్ టూల్ తెర మీద చూపే చివరి వరసను పట్టుకుని అందులోంచి అంకెలు ఏరుకోవాలనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ టూల్ వెర్షన్ మారి వరస రూపం మారిన రోజున ఆ సారాంశం మూగబోతుంది. దాదాపు ప్రతి భాషలోని టెస్ట్ టూలూ జేయూనిట్ ఎక్స్ఎంఎల్ అనే ఒకే తరహా రూపంలో నివేదికను ఇవ్వగలదు. పైథాన్‌లో వాడే పైటెస్ట్‌కు ఒక ఎంపిక ఇస్తే చాలు, జావాలో వాడే మేవెన్ అయితే అడగకుండానే టార్గెట్ ఫోల్డర్‌లోని ష్యూర్‌ఫైర్ నివేదికల దగ్గర పెడుతుంది. ఆ ఫైలులో ప్రతి టెస్ట్ సమూహానికీ మొత్తం టెస్ట్‌లు, ఫెయిల్యూర్లు, ఎర్రర్లు, వదిలేసినవి అని నాలుగు అంకెలు ఉంటాయి. ఫెయిల్యూర్ అంటే టెస్ట్ నడిచి, ఆశించిన విలువ రాలేదని. ఎర్రర్ అంటే టెస్ట్ నడవలేక మధ్యలో కూలిందని. రెంటినీ కూడి చూపించవచ్చు గాని, చాలా టెస్ట్‌లు ఒక్కసారిగా ఎర్రర్‌లోకి వెళ్తే అది కోడ్ తప్పు కన్నా డేటాబేస్ లేవకపోవడం వంటి ఏర్పాటు లోపమే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, వేరుగా చూపితేనే మేలు.

ఈ మెట్టులో నేను చేసిన తప్పు వివరంగా చెప్పుకోదగినది. నివేదిక ఫైలు దొరకకపోతే స్క్రిప్ట్ ఆగిపోకుండా ఉండాలని, దొరకని ఫైలుకు అంకెలన్నీ సున్నాగా తీసుకునేలా రాశాను. కొన్నాళ్ళకు ఒక సహోద్యోగి నివేదికల ఫోల్డర్ పేరు మార్చారు. ఆ రోజు నుంచి సారాంశం ప్రతిసారీ, ఫెయిలైనవి 0 అని పచ్చగా చెబుతూ వచ్చింది. అది అబద్ధం కాదు. దొరకని ఫైలులో ఫెయిలైన టెస్ట్‌లు నిజంగానే సున్నా. వారం దాటాక, టెస్ట్ స్టెప్ స్వయంగా ఎర్రబడి ఉన్నా సారాంశం పచ్చగా ఉండటం చూసి ఎవరో అడిగితే గాని విషయం బయటపడలేదు. తక్‌పట్టీలో మినహాయింపు సున్నా అని రాయడానికీ, కాంటానే పెట్టలేదని రాయడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

అందుకే స్క్రిప్ట్ మూడు సందర్భాలను వేరు చేయాలి. నివేదిక దొరికి, ఫెయిలైనవి లేకపోతే పాస్ అని రాయాలి. నివేదిక దొరికి, ఫెయిలైనవి ఉంటే ఫెయిల్ అని రాయాలి. నివేదిక దొరకకపోయినా, దొరికి అందులో నడిచిన టెస్ట్‌లు సున్నా అయినా, టెస్ట్‌లు నడవలేదు అని రాసి స్టెప్‌ను ఫెయిల్ చేయాలి. నడిచిన టెస్ట్‌ల సంఖ్యను పాసైనప్పుడు కూడా చూపించడం ఇందుకే. నిన్న 412 అని చూసిన కంటికి ఇవాళ 40 కనిపిస్తే అనుమానం వస్తుంది.

ఫెయిలైన టెస్ట్‌లు 200 ఉంటే 200 వరసల పట్టిక పెట్టవద్దు. మొదటి పదింటిని చూపి, మిగిలినవాటిని డీటెయిల్స్ అనే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌తో మడతపెట్టి ఉంచాలి. ఆ ట్యాగ్ లోపల మార్క్‌డౌన్ పనిచేయాలంటే మడత శీర్షికను ఇచ్చే సమ్మరీ ట్యాగ్ ముగిసిన తర్వాత ఒక ఖాళీ వరస వదలడం తప్పనిసరి. అది మరిచిపోతే పట్టిక బదులు నిలువు గీతలు మాత్రమే కనిపిస్తాయి.

ఐదో మెట్టు: ఫెయిలైనప్పుడు కూడా సారాంశం రాయించడం

ఒక స్టెప్ ఫెయిలైతే తర్వాతి స్టెప్‌లు నడవవు. సారాంశం రాసే స్టెప్ టెస్ట్ స్టెప్ తర్వాతే ఉంటుంది కాబట్టి, ఏ ఏర్పాటూ చేయకపోతే అది అంతా బాగున్న రోజునే నడుస్తుంది, అవసరమైన రోజున నడవదు. దీనికి ఇఫ్ షరతులో ఆల్వేస్ ఫంక్షన్ పెట్టమని చాలామంది చెబుతారు. ఆల్వేస్ అంటే రన్‌ను మనం మధ్యలో రద్దు చేసినా ఆ స్టెప్ నడుస్తుంది. సారాంశం స్టెప్‌కు, రద్దు కాలేదు అనే షరతు, అంటే క్యాన్సిల్డ్ ఫంక్షన్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి రాసేది, మెరుగైనది. ఏ జాబ్‌లు ఎలా నడవాలో చెప్పే వర్క్‌ఫ్లో ఫైలును రాసేది యామల్ అనే రూపంలో; ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే విలువకు అందులో ప్రత్యేక అర్థం ఉంది కాబట్టి, ఆ షరతును డాలర్ గుర్తుతో మొదలయ్యే జంట మీసాల బ్రాకెట్లలో గాని కోట్స్ మధ్య గాని పెట్టాలి. లేకపోతే వర్క్‌ఫ్లో ఫైలే చెల్లదు.

దీనికి తోడుగా ఒక షెల్ చిక్కు ఉంది. టెస్ట్ కమాండ్ అవుట్‌పుట్‌ను తెర మీద చూపుతూనే ఫైలులోనూ దాచుకోవడానికి పైపు గుర్తు పెట్టి టీ కమాండ్‌కు పంపడం మామూలే. అప్పుడు ఆ వరస ఫలితం టెస్ట్ కమాండ్‌ది కాకుండా టీ కమాండ్‌ది అవుతుంది. టీ ఎప్పుడూ సజావుగానే ముగుస్తుంది కాబట్టి టెస్ట్‌లు ఫెయిలైనా స్టెప్ పచ్చగా ఉంటుంది. లినక్స్ రన్నర్ మీద షెల్ పేరు ఇవ్వకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ బాష్ షెల్‌ను, హైఫన్ పక్కన ఆంగ్ల అక్షరం ‘ఈ’ ఉండే ఎంపికతో మాత్రమే నడుపుతుంది. షెల్ బాష్ అని మనం స్పష్టంగా రాస్తే పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా వరస మొత్తాన్ని ఫెయిల్‌గా లెక్కించే పైప్‌ఫెయిల్ ఎంపికను కూడా కలుపుతుంది. రెండూ బాషే అయినా ప్రవర్తన వేరు. ఒక్క వరస రాయడంతో తీరిపోయే ఈ సమస్య మీద నేను ఒక పూర్తి మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

ఆరో మెట్టు: అనేక జాబ్‌లను ఒకే చీటీలోకి తేవడం

ఒకే కోడ్‌ను మూడు జావా వెర్షన్ల మీద, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పరీక్షిస్తే ఆరు జాబ్‌లు, ఆరు సారాంశాలు వస్తాయి. వాటిని కలపడానికి ప్రతి జాబ్ తన నివేదికను ఆర్టిఫాక్ట్‌గా, అంటే రన్‌తో పాటు దాచి ఉంచే ఫైలుగా, అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ యాక్షన్ నాలుగో వెర్షన్ నుంచి ఒకే పేరుతో రెండు జాబ్‌లు అప్‌లోడ్ చేయడం కుదరదు కాబట్టి, ఆర్టిఫాక్ట్ పేరులో జావా వెర్షన్‌నూ ఆపరేటింగ్ సిస్టమ్ పేరునూ చేర్చాలి. ఆ తర్వాత, ఈ ఆరింటి మీదా నీడ్స్ అనే అమరిక ద్వారా ఆధారపడే సారాంశపు జాబ్ ఒకటి రాసి, అందులో ఆర్టిఫాక్ట్‌లన్నీ దించుకుని, ఒకే పట్టిక వేయాలి.

ఆ సారాంశపు జాబ్‌నే బ్రాంచ్ రక్షణలో తప్పనిసరి తనిఖీగా, అంటే అది పాసైతే గాని మార్పులు మెయిన్‌లో కలపనివ్వని (మెర్జ్ కానివ్వని) నియమంగా, పెట్టుకోవడం వాడుకలో ఉంది, అది మంచి పద్ధతే. కాని దానికి షరతు ఏమీ పెట్టకపోతే, పై జాబ్‌లలో ఒకటి ఫెయిలైనప్పుడు ఈ జాబ్ స్కిప్ అవుతుంది. గిట్‌హబ్ దృష్టిలో స్కిప్ అయిన తప్పనిసరి తనిఖీ పాసైనట్టే. అంటే టెస్ట్‌లు ఫెయిలైన రోజునే మెర్జ్ బటన్ తెరుచుకుంటుంది! కాబట్టి ఈ ఒక్క జాబ్‌కు మాత్రం ఆల్వేస్ షరతే పెట్టాలి. చివరి స్టెప్‌లో నీడ్స్ నుంచి వచ్చిన ప్రతి ఫలితాన్నీ చూసి, ఒక్కటైనా ఫెయిల్యూర్ గాని క్యాన్సిల్డ్ గాని అయితే 1తో ముగించాలి. స్టెప్ స్థాయిలో ఆల్వేస్ వద్దని చెప్పి ఇక్కడ వాడమంటున్నది ఈ కారణంతోనే. రద్దయిన రన్ కూడా పాస్‌గా లెక్కకు రాకూడదు.

ఏడో మెట్టు: పేజీ తెరవని వారికి చేరే చిన్న వాక్యం

సారాంశం పేజీ దాకా అందరూ రారు. పుల్ రిక్వెస్ట్ (మార్పులను కలపమని పెట్టే అభ్యర్థన) కింద కనిపించే కమిట్ స్టేటస్ వరస, అంటే నమోదైన మార్పు స్థితిని చెప్పే వరస, మాత్రమే చూసేవారు ఎక్కువ. కమిట్ స్టేటస్ ఏపీఐ ద్వారా మనమే ఒక వరస పెట్టవచ్చు. దాని స్థితి ఎర్రర్, ఫెయిల్యూర్, పెండింగ్, సక్సెస్‌లలో ఒకటి కావాలి, వివరణ వాక్యం 140 అక్షరాలకు మించకూడదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, పొడవైన వాక్యం మధ్యలో తెగితే అసలు సంగతే పోతుంది. అందుకని స్థితిని ముందు, కారణాన్ని తర్వాత రాసే చీటీ శైలి ఇక్కడ అవసరం. "ఫెయిల్: 1 టెస్ట్, మొత్తం విలువ లెక్క" అన్నది వాక్యంగా అందంగా లేకపోయినా ఎక్కడ తెగినా అర్థమవుతుంది.

కోడ్ వరస పక్కనే కనిపించే అనొటేషన్లు కూడా ఉన్నాయి. ఎర్రర్, వార్నింగ్, నోటీస్ అనే కమాండ్‌లను జంట కోలన్ల మధ్య పెట్టి, ఫైలు పేరు, వరస సంఖ్య ఇచ్చి ముద్రిస్తే చాలు. ఒక స్టెప్‌కు 10 ఎర్రర్లు, 10 వార్నింగ్‌లు మాత్రమే నిలుస్తాయి. పాత కోడ్‌లోని వందల వార్నింగ్‌లను అనొటేషన్లుగా పంపితే మొదటి పది దగ్గరే ఆగిపోయి, కొత్తగా వచ్చిన పదకొండోది కనిపించకుండా పోతుంది. ఈ పుల్ రిక్వెస్ట్ తాకిన వరసల వార్నింగ్‌లను మాత్రమే పంపాలి.

ఎనిమిదో మెట్టు: తెలుగు అక్షరాలు, భారత కాలమానం

సారాంశాన్ని తెలుగులో రాస్తున్నా, టెస్ట్ డేటాలో మాత్రమే తెలుగు ఉన్నా, ఈ మెట్టు దాటవలసిందే. టెస్ట్ పేరు పొడవైతే కత్తిరించడానికి చాలామంది హెడ్ కమాండ్‌కు బైట్ల సంఖ్య ఇచ్చి వాడతారు. మిర్చి అనే మాటను తీసుకుందాం. మనకు రెండు అక్షరాలు. యూనికోడ్‌లో మ, గుడి, ర, పొల్లు, చ, గుడి అని ఆరు గుర్తులు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. 10 బైట్ల దగ్గర కోస్తే "మిర" మిగిలి, దాని పక్కన సగం తెగిన పొల్లు స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న వజ్రపు గుర్తు వస్తుంది. గుర్తుల లెక్కన నాలుగింటి దగ్గర కోస్తే "మిర్" అని పొల్లు వేలాడుతుంది. మాటల మధ్య ఖాళీ చూసి అక్కడ కత్తిరించడమే తెలుగుకు సరైన పద్ధతి.

బిల్డ్‌లను విడిగా నడిపే కంటైనర్లు చాలావాటిలో లొకేల్ (భాష, అక్షరాల అమరిక) పెట్టి ఉండదు. జావా 18కి ముందు వెర్షన్లలో, ఫైళ్ళు రాసే డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఆ లొకేల్ మీద ఆధారపడేది కాబట్టి తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలుగా మారేది. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది. అయినా తెర మీదికి వెళ్ళే అవుట్‌పుట్ ఇప్పటికీ లొకేల్‌ను చూస్తుంది. లాంగ్ వేరియబుల్‌ను సీ.యూటీఎఫ్-8గా పెట్టడం చవకైన మందు.

గిట్‌హబ్ ఇచ్చే రన్నర్‌ల గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, షెడ్యూల్ వేళలు కూడా అప్రమేయంగా యూటీసీ లెక్కే. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. రాత్రి 11.40కి ముగిసిందని సారాంశంలో కనిపించిన బిల్డ్ మనకు మరునాడు తెల్లవారుజాము 5.10 నాటిది, అంటే తేదీ కూడా మారిపోతుంది. డేట్ కమాండ్ ముందు టీజెడ్ వేరియబుల్‌కు ఏషియా/కోల్‌కతా అని ఇస్తే సరిపోతుంది. సమయం పక్కన భారత కాలమానం అని రాయడం మరవకూడదు.

జెంకిన్స్ వాడేవారికి

జెంకిన్స్ పాత పేరు హడ్సన్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉన్నప్పుడు కోసుకే కవాగుచి రాసిన ఆ సాఫ్ట్‌వేర్, సన్‌ను కొన్న ఒరాకిల్‌తో పేరు మీద వచ్చిన వివాదం తర్వాత 2011లో జెంకిన్స్ అయింది. పాసైన బిల్డ్‌కు అందులో చాలాకాలం నీలి గుండు ఉండేది. జపాన్‌లో ట్రాఫిక్ పచ్చ దీపాన్ని నీలం అనే మాటతోనే పిలుస్తారన్నది దానికి ఆయన చెప్పిన కారణం. రంగు నచ్చనివారి కోసం పచ్చ గుండ్ల ప్లగిన్ ఒకటి ప్రత్యేకంగా పుట్టింది. స్థితి చూపే గుర్తు ఎవరి కంటికి అలవాటైనదో ముందు అడగాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

అమరిక విషయానికి వస్తే, జెంకిన్స్ చేయవలసిన పనులను రాసే పైప్‌లైన్ స్క్రిప్ట్‌లో కరెంట్‌బిల్డ్ అనే వస్తువుకు డిస్‌ప్లేనేమ్, డిస్క్రిప్షన్ అనే రెండు లక్షణాలు ఉన్నాయి. మొదటిదానిలో బిల్డ్ సంఖ్యతో పాటు బ్రాంచ్ పేరు, రెండోదానిలో మన చీటీ మొదటి వరస పెడితే, బిల్డ్‌ల జాబితాలోనే విషయం కనిపిస్తుంది. జేయూనిట్ స్టెప్ ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకుంటే టోటల్‌కౌంట్, ఫెయిల్‌కౌంట్, స్కిప్‌కౌంట్ అంకెలు నేరుగా దొరుకుతాయి కాబట్టి ఎక్స్ఎంఎల్ చదివే శ్రమ ఉండదు. నివేదిక దొరకకపోతే ఆ స్టెప్ తనంతట తాను ఫెయిల్ అవుతుంది. ఖాళీ నివేదికలను అనుమతించే ఎంపికను ఆన్ చేసి ఆ రక్షణను పోగొట్టుకోవద్దు. నాలుగో మెట్టులో చెప్పిన నా తప్పే మళ్ళీ జరుగుతుంది.

డిస్క్రిప్షన్ ఎక్కడ రాయాలన్నది కూడా ముఖ్యమే. స్క్రిప్ట్‌లో దశలన్నీ ముగిశాక నడిచే పోస్ట్ భాగంలోని షరతులు మనం రాసిన వరసలో నడవవు. ఆల్వేస్ ముందు, ఛేంజ్డ్, ఫిక్స్డ్, రిగ్రెషన్ తర్వాత, ఫెయిల్యూర్, సక్సెస్ వంటివి ఆ తర్వాత, క్లీనప్ అన్నిటికన్నా చివర నడుస్తాయి. జేయూనిట్ స్టెప్‌ను ఆల్వేస్‌లో పెట్టి, డిస్క్రిప్షన్‌ను క్లీనప్‌లో రాస్తే అప్పటికి తుది స్థితి తేలి ఉంటుంది. వర్క్‌స్పేస్‌ను (బిల్డ్ జరిగిన ఫోల్డర్‌ను) తుడిచే స్టెప్ కూడా అక్కడే ఉంటే, డిస్క్రిప్షన్ దానికి ముందు రావాలి. ఇంకొకటి, కరెంట్‌బిల్డ్ ఫలితాన్ని మరింత చెడ్డదిగా మార్చవచ్చు గాని మెరుగైనదిగా మార్చలేము. ఫెయిల్యూర్ పడ్డాక సక్సెస్ అని రాసినా జెంకిన్స్ పట్టించుకోదు. నా రైలు పోగొట్టిన కవరేజీ స్టెప్ లాంటి వాటిని అందుకే ముందే ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌ఎర్రర్ స్టెప్‌లో చుట్టి, బిల్డ్ ఫలితాన్ని సక్సెస్‌గా, ఆ దశ ఫలితాన్ని మాత్రం అన్‌స్టేబుల్‌గా నమోదు చేయించాలి.

డిస్క్రిప్షన్‌లో లింకులు, బొద్దు అక్షరాలు కావాలంటే మార్కప్ ఫార్మాటర్‌ను సేఫ్ హెచ్‌టీఎంఎల్‌కు మార్చాలి. అప్రమేయంగా అది సాదా పాఠంగానే చూపిస్తుంది. జాబ్ పక్కన కనిపించే ఎండ, మబ్బు, ఉరుముల బొమ్మ గత ఐదు బిల్డ్‌ల ఫలితం నుంచి వస్తుంది కాబట్టి, ఇప్పటి బిల్డ్ గురించి దాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు.

వాడకంలో పెట్టే ముందు

సారాంశంలోకి బయటివారి పాఠం వెళ్తుందన్నది మరవకూడదు. పుల్ రిక్వెస్ట్ శీర్షికను వర్క్‌ఫ్లో ఫైలులో నేరుగా షెల్ కమాండ్ మధ్యలో పెడితే, ఆ శీర్షికలో ఎవరైనా కమాండ్ రాసి మన రన్నర్ మీద నడిపించగలరు. దాన్ని ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి తీసుకుని, కోట్స్ మధ్య వాడాలి. హాని తలపెట్టని శీర్షికలో కూడా | గుర్తు ఉంటే పట్టిక చెదిరిపోతుంది కాబట్టి దాని ముందు వెనుగీత చేర్చాలి. రహస్య విలువలు పొరపాటున సారాంశంలోకి వస్తే గిట్‌హబ్ వాటిని నక్షత్రాలతో కప్పుతుంది. కాని వాటినే వేరే ఎన్‌కోడింగ్‌లోకి మార్చి ముద్రిస్తే గుర్తుపట్టకపోవచ్చు.

తర్వాత స్క్రిప్ట్‌ను వర్క్‌ఫ్లో ఫైలులో ముప్పై వరసల ముద్దగా ఉంచకుండా రిపాజిటరీలో వేరే ఫైలుగా పెట్టి, నాలుగు నమూనా నివేదికలతో పరీక్షించాలి: అన్నీ పాసైనది, ఒకటి ఫెయిలైనది, కంపైల్ దగ్గరే ఆగిపోయి నివేదికే లేనిది, నివేదిక ఉండి టెస్ట్‌లు సున్నా అయినది. ఆపై ఒక వేరు బ్రాంచ్‌లో కావాలని ఒక టెస్ట్‌ను చెడగొట్టి, నిజమైన రన్‌ను ఒకసారి, మధ్యలో రద్దు చేసిన రన్‌ను ఒకసారి చూడాలి.

ఆ చూడటం కూడా ఆఫీసులోని పెద్ద తెర మీద కాకుండా ఫోన్‌లో చూడాలి. మా మొదటి పట్టికలో టెస్ట్ పేరు, ఫైలు, సమయం, రన్నర్, కారణం అని ఐదు నిలువు వరసలు ఉండేవి. ఫోన్‌లో మొదటి రెండే కనిపించి, కారణం కోసం వేలితో పక్కకు జరపవలసి వచ్చేది. ఇప్పుడు టెస్ట్ పేరు, రావలసింది, వచ్చింది అని మూడే ఉంచాము. ఫైలు పేరును టెస్ట్ పేరుకే లింకుగా ఇచ్చాము. సమయం, రన్నర్ వివరాలు మడత లోపలికి వెళ్ళాయి.